ఇంజిన్‌కి ఏ నీళ్లు? యానాం పడవ, ఉప్పు, ఒండ్రు: రెండు వందల ఏళ్ల కథ

యానాంలో పెదమావయ్య గారి పడవ ఇంజిన్ మళ్లీ కట్టిన సంగతి మన వాళ్లందరికీ తెలుసు. బ్లాకు పాతదే. బోరు చేయించి, కొత్త లైనర్లు, పిస్టన్లు వేయించి, హెడ్డు లెవెల్ చేయించారు. ఆ ఖర్చుకి క్యాంపు నుంచి కొంత, బెంగళూరు నుంచి కొంత, యానాం నుంచి కొంత వేసుకున్నాం. ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ ఇంజిన్‌ని ఎలా చల్లబరచాలి? ఒక మెకానిక్ ఏటి నీళ్లే పంపుతో లాగి వదిలెయ్యమంటాడు. ఇంకొకాయన లోపల మంచినీళ్లు తిప్పి బయట ఏటి నీళ్లతో చల్లార్చమంటాడు. మూడో ఆయన పడవ అడుగున పైపులు వెయ్యమంటాడు. ఈ పడవ మీద రెండు ఇళ్లు బతుకుతున్నాయి. తప్పు ఏర్పాటు ఎంచుకుంటే మూడు నాలుగేళ్లలో బ్లాకు మళ్లీ తినేస్తుంది, ఈసారి బోరు చేయించడానికి కూడా గోడ మిగలదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎప్పుడు ఎలా పాడవుతుందో ముందే వెతకడమే నా పని. చదివింది కన్నడ మీడియం, కాబట్టి నా తెలుగులో క్యాంపు మాటే ఎక్కువ వినపడుతుంది. ఈ మూడు సలహాల వెనక ఉన్న చరిత్ర చదువుతూ పోతే ఒక సంగతి తెలిసింది. మెకానిక్కులు ఈరోజు చెప్తున్న ప్రతి మాటకీ రెండు వందల ఏళ్ల కింద సముద్రం మీద ఎవరో ఒకరు మూల్యం కట్టారు. అది మన అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మన పొలంలోనే ఉంది మొదటి పాఠం

తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక కాలవల కింద భూములు కొనుక్కుని గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు గంగావతి, సింధనూరు వైపు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. మన తాతల తరం అలాగే వచ్చింది. అప్పటి క్యాంపుల్లో కరెంటు కంటే ముందు వచ్చింది ఆయిల్ ఇంజిన్. దాన్ని చల్లబరిచే పద్ధతులు రెండు ఉండేవని పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఒకటి, పక్కన పెద్ద ఇనప డ్రమ్ము. డ్రమ్ముకి పైన ఒక పైపు, కింద ఒక పైపు. ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్లు తేలికై పై పైపులోంచి డ్రమ్ములోకి పోతాయి, చల్లటి నీళ్లు బరువుగా కింద పైపులోంచి ఇంజిన్‌లోకి వస్తాయి. పంపు లేదు, బెల్టు లేదు. అవే నీళ్లు తిరుగుతుంటాయి. రెండోది, పంపు తోడే కాలవ నీళ్లలోంచే సన్నటి పైపు తీసి ఇంజిన్‌లో తిప్పి పొలంలోకి వదిలెయ్యడం. ఇందులో ప్రతి నిమిషం కొత్త నీళ్లు వస్తాయి. నీళ్లు మంచివైతే ఇది హాయి. బోరు నీళ్లు సున్నం నీళ్లైతే మాత్రం కొన్నాళ్లకి ఇంజిన్ లోపల తెల్లటి పొర కడుతుంది, మన ఇళ్లల్లో గీజరు లోపల కట్టినట్టు.

పడవ ఇంజిన్ల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య ఊగిసలాటే. అవే నీళ్లు తిప్పాలా, కొత్త నీళ్లు లాగాలా?

ఆవిరి ఓడలు, ఉప్పు పొర

న్యూకమెన్ ఆవిరి యంత్రంలో ఆవిరిని సిలిండర్‌లోనే చన్నీళ్లు చల్లి చల్లార్చేవారు. అందువల్ల ప్రతిసారీ సిలిండర్ చల్లబడి, మళ్లీ వేడెక్కడానికి బొగ్గు తినేది. జేమ్స్ వాట్‌కి 1765లో వేరే గదిలో చల్లార్చాలన్న ఆలోచన వచ్చింది, 1769లో పేటెంటు తీసుకున్నాడు. ఆ వేరే గదిలో కూడా చన్నీళ్లనే ఆవిరి మీద చల్లేవారు. నేల మీద, ఏటి పక్కన అది సమస్య కాదు. ఓడ ఎక్కాక అయ్యింది. సముద్రంలో చల్లేది ఉప్పునీళ్లు. ఆ ఉప్పునీళ్లు ఆవిరితో కలిసిపోయి మళ్లీ బాయిలర్‌లోకే పోయేవి.

సముద్రపు నీటిలో సుమారు 32 పాళ్లకి 1 పాలు ఉప్పు అని అప్పటి ఇంజనీర్లు లెక్క కట్టేవారు. బాయిలర్‌లో నీళ్లు ఆవిరై పోతుంటే ఉప్పు చిక్కబడుతుంది. ఆ చిక్కదనం కొలవడానికి ఒక పరికరం, కొంతసేపటికొకసారి చిక్కబడ్డ వేడి నీళ్లని సముద్రంలోకి వదిలే కుళాయి, ఇవి ఇంజిన్ గదిలో ఉండి తీరాల్సిందే. వదిలిన ప్రతి బాల్చీ వేడి నీళ్లతో బొగ్గు కూడా సముద్రం పాలే. వదలకపోతే ఇనప గోడ మీద గట్టి పెచ్చు కడుతుంది. వేడి అటు నుంచి ఇటు రాదు, ఇనుము ఎర్రగా కాలి ఉబ్బుతుంది. ఆ తరవాత పేలుడే.

ఇంగ్లండు నుంచి ఆవిరి బలం కూడా వాడుకుంటూ మొదటిసారి మన దేశానికి వచ్చిన ఓడ ఎంటర్‌ప్రైజ్. 1825 ఆగస్టులో ఫాల్మత్‌లో బయల్దేరి, 113 రోజులకి హుగ్లీ చేరింది. తరవాత దాన్ని ప్రభుత్వం కొని బర్మా యుద్ధంలో వాడుకుంది. ఆ బర్మాకే కొన్ని దశాబ్దాల తరవాత మన కాకినాడ వైపు జనం స్టీమర్లెక్కి "రంగం" వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ మన వాళ్లకి "కోరంగీలు" అనే పేరు పడింది. యానాం పక్కనున్న కోరింగ రేవు పేరే అది. మన ముత్తాతల్లో రంగం వెళ్లొచ్చిన వాళ్ల కథలు చెప్పుకుంటాం కానీ, వాళ్లని తీసుకెళ్లిన స్టీమర్ లోపల ఈ ఉప్పుతో జరిగిన యుద్ధం ఎవరూ చెప్పరు.

హాల్ గారి గొట్టాలు

ఉప్పునీళ్లని ఆవిరితో కలపకుండా చల్లార్చే దారి 1834లో శామ్యూల్ హాల్ అనే ఇంగ్లీషు ఆయన పేటెంటు చేశాడు. చాలా సన్నటి గొట్టాల గుంపు ఒకటి. గొట్టం గోడకి ఒక పక్క ఆవిరి, ఇంకో పక్క సముద్రపు నీళ్లు. వేడి గోడ దాటుతుంది, నీళ్లు దాటవు. ఆవిరి మంచినీళ్లుగా మారి మళ్లీ బాయిలర్‌లోకి పోతుంది. 1838 ఏప్రిల్‌లో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరిన సిరియస్ ఓడలో ఈ ఏర్పాటు ఉండేది.

ఇంత మంచి ఆలోచన వెంటనే ఎందుకు నిలవలేదు? నన్ను బాగా ఆకట్టుకున్న ప్రశ్న ఇది. అప్పట్లో సిలిండర్లకి జంతువుల కొవ్వు పూసేవారు. ఆ కొవ్వు ఆవిరితో కొట్టుకొచ్చి గొట్టాలని జిడ్డు చేసి మూసేసేది. బాయిలర్ ఇనుముని తినేది కూడా. చాలామంది మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోయారు. 1860ల నుంచి ఎక్కువ ఒత్తిడి బాయిలర్లు వచ్చి, ఉప్పునీళ్లతో పని సాగదని తేలాక, హాల్ పద్ధతి తిరిగొచ్చి స్థిరపడింది. అంటే ఆలోచన సరైనదే, చుట్టూ ఉన్న మిగతా ఏర్పాటు దానికి సిద్ధంగా లేదు. మా టెస్టింగ్‌లో రోజూ చూసేది ఇదే. ఒక భాగం ఒక్కటే మంచిదైతే చాలదు, పక్క భాగంతో కలిసి పని చెయ్యాలి.

ఈరోజు మెకానిక్ "హీట్ ఎక్స్‌చేంజర్" అని అమ్మే డబ్బా హాల్ గారి గొట్టాలకి మనవడే. లోపల మంచినీళ్లు, బయట ఏటి నీళ్లు, మధ్యలో రాగి కలిసిన సన్నటి గొట్టాలు.

జింకు ముక్క ఎక్కడి నుంచి వచ్చింది

1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం కోసం ఒక ప్రయోగం చేశాడు. చెక్క ఓడల అడుగున వేసే రాగి రేకుని సముద్రం తినేస్తోంది. రాగికి జింకు గానీ ఇనుము గానీ ముక్క తగిలిస్తే, సముద్రం ఆ ముక్కని తిని రాగిని వదిలేస్తుందని డేవీ చూపించాడు. రాగి నిజంగానే నిలిచింది. కానీ కొత్త చిక్కు వచ్చింది. రాగి కొద్దికొద్దిగా కరగడం వల్లే ఇంతకాలం నాచు, గుల్లలు పట్టకుండా ఉండేవి. కరగడం ఆగగానే ఓడ అడుగంతా గుల్లలు పట్టి ఓడ నెమ్మదించింది.

ఇది పడవ అడుగున పైపులు వెయ్యమనే మూడో మెకానిక్ సలహాకి నేరుగా సంబంధించిన కథ. రాగి నికెల్ కలిసిన పైపు వేసి, పక్కన జింకు కట్టి కాపాడితే, గుల్లలు పట్టే అవకాశం పెరుగుతుంది. గుల్లలు పడితే వేడి బయటకి పోదు. పైపు తుప్పు నుంచి బతుకుతుంది, ఇంజిన్ వేడికి పోతుంది. రెండూ చూసుకోవాల్సిందే.

డీజిల్ వచ్చాక

డీజిల్ ఇంజిన్‌లో కాలిన ఆయిలు వేడిలో సుమారు మూడో వంతు షాఫ్టుకి వస్తుంది, ఇంచుమించు అంతే పొగతో పోతుంది, మిగిలినదాంట్లో చాలా భాగం చల్లబరిచే నీళ్లు మోసుకుపోవాలి. మన ఇంజిన్ 60 హార్స్‌పవర్ అనుకుందాం, అంటే 45 కిలోవాట్లు. నీళ్లు మొయ్యాల్సింది 40 కిలోవాట్లు అనుకుంటే, 2 కిలోవాట్ల గీజర్లు 20 ఒకేసారి నడుస్తున్నంత వేడి.

నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కి బయటకి పోతాయనుకుంటే, ఆ వేడి మొయ్యడానికి సెకనుకి సుమారు 1 లీటరు కావాలి. గంటకి 3,400 లీటర్ల పైన. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. అంటే ఉప్పునీళ్లు నేరుగా తిప్పితే గంటకి దగ్గర దగ్గర 120 కిలోల ఉప్పు ఇంజిన్ కడుపులోంచి పోతుంది. వరదలో లీటరుకి 1 గ్రాము ఒండ్రు ఉందనుకున్నా, గంటకి మూడున్నర కిలోల బురద. అంతా లోపల ఉండిపోదు, నిజమే. కానీ రోజూ కొంచెం ఉండిపోయినా చాలు.

ఉప్పునీళ్లు నేరుగా తిప్పే ఇంజిన్లకి ఇంకో చిక్కు ఉంది. కొన్ని లవణాలు నీళ్లు వేడెక్కేకొద్దీ ఎక్కువ పేరుకుంటాయి. అందుకని అలాంటి ఇంజిన్లని 60 డిగ్రీల లోపలే ఉంచుతారు. డీజిల్ ఇంజిన్‌కి అది చల్లటి చలికాలం లాంటిది. ఆయిలు సరిగ్గా కాలదు, నల్లటి జిగురు పడుతుంది, చల్లటి లైనరు గోడ మీద ఆమ్లం చెమ్మ పట్టి అరుగుతుంది. లోపల మంచినీళ్లు తిప్పితే 80 డిగ్రీల దాకా హాయిగా నడపొచ్చు.

మన తీరంలో

స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో చేపల పడవలకి ఇంజిన్లు పెట్టించే పని మొదలైంది. 1952 ఒప్పందంతో కేరళలో కొల్లం దగ్గర నార్వే సాయంతో నడిచిన ప్రాజెక్టు అందులో పేరున్నది. తూర్పు తీరం సంగతి వేరు. ఇక్కడ చాలా ఊళ్లకి రేవు లేదు, అలల్లోంచి ఇసుక మీదికి పడవని లాక్కోవాలి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్లు ఇలాంటి తీరాల కోసం ప్రొపెల్లర్ పైకెత్తగలిగే చిన్న డీజిల్ పడవలు తయారుచేసి చూశారు. వాటిలో గాలితో చల్లబడే ఇంజిన్లు కూడా వాడారు. ఆలోచన తేలిగ్గానే అర్థమవుతుంది. ఇసుక మీద దిగేటప్పుడు నీళ్లు లాగే పంపు ఇసుకనే లాగుతుంది. నీళ్లే లేకపోతే ఇసుక గొడవే లేదు. దానికి బదులు చప్పుడు ఎక్కువ, ఇంజిన్ పెట్టెలోకి గాలి దండిగా రావాలి.

యానాం దగ్గర గౌతమి ఈ రెండు లోకాల మధ్యలో ఉంది. ఎండాకాలం ఏటిలో నీళ్లు తగ్గి, పోటుకి సముద్రం లోపలికి వస్తుంది, నీళ్లు ఉప్పగా అవుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రటి వరద నీళ్లు, ఒండ్రు, కొట్టుకొచ్చే చెత్త. యెదుర్లంకకి వారధి రాకముందు పంటుల మీద దాటిన వాళ్లకి ఈ రెండు రంగులూ తెలుసు. అంటే మన ఇంజిన్ ఏడాదిలో సగం ఉప్పుకీ, సగం బురదకీ తట్టుకోవాలి.

ఏది ఎక్కడ చెడుతుంది

ఏటి నీళ్లు నేరుగా: ఖర్చు అన్నిటికన్నా తక్కువ, భాగాలు తక్కువ. ఎండాకాలం ఉప్పు, వానాకాలం బురద, రెండూ బ్లాకులోకే పోతాయి. నెమ్మదిగా, కనపడకుండా చెడుతుంది. మన పాత బ్లాకు గోడ ఇప్పటికే అలా పలచబడింది. దీన్ని నేను మొదటే కొట్టేశాను.

హీట్ ఎక్స్‌చేంజర్: బ్లాకు క్షేమం. ఏటి నీళ్ల పంపు మాత్రం అలాగే ఉంటుంది. ఆ పంపులో రబ్బరు రెక్కలుంటాయి. ఒండ్రు వాటిని అరగదీస్తుంది, నీళ్లు లేకుండా కాసేపు తిరిగితే చిరిగిపోతాయి. చిరిగిన ముక్కలు గొట్టాల్లో ఇరుక్కుంటాయి. జల్లెడ రోజూ కడగాలి. దీనికి ఒక లాభం ఉంది. వాడేసిన నీళ్లని పొగ గొట్టంలోకి వదిలితే పొగ చల్లబడుతుంది, రబ్బరు గొట్టం చాలు. అయితే ఇంజిన్ నీటి మట్టం కన్నా కింద ఉంటే, ఆపాక ఆ నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి జారకుండా పైన గాలి వాల్వు పెట్టాలి.

అడుగు పైపులు: లోపలి మంచినీళ్లనే పడవ అడుగున పైపుల్లోకి పంపి తెస్తారు. మన డ్రమ్ముకి చెల్లెలు ఇది, డ్రమ్ము బదులు మొత్తం గోదావరి. ఏటి నీళ్లు పడవలోకే రావు కాబట్టి పంపు రెక్కల గొడవ, జల్లెడ గొడవ లేవు. చెడేది బయట. గుల్లలు పట్టొచ్చు, ఇసుక మేట ఎక్కితే పైపు నొక్కుకుపోవచ్చు, పడవ కదలకుండా ఇంజిన్ నడిపితే చల్లదనం తగ్గుతుంది. పొగ గొట్టం పొడిగా, మండుతూ ఉంటుంది, దానికి చుట్టూ పూత కట్టాలి.

లారీ రేడియేటర్: అడిగారు కాబట్టి రాస్తున్నాను. మూసిన ఇంజిన్ గదిలో ఫ్యాను అదే వేడి గాలిని మళ్లీ మళ్లీ లాగుతుంది. పెద్ద గాలి దారి లేకుండా అది పని చెయ్యదు.

మన పడవకి

నా ఓటు అడుగు పైపులకి. కారణం సులువు. గౌతమిలో మనకి వచ్చే రెండు దెబ్బల్లో, ఉప్పుని రెండు పద్ధతులూ ఆపుతాయి, బురదని మాత్రం అడుగు పైపులే ఆపుతాయి. పైగా వాటికి వచ్చే రోగం కంటికి కనిపిస్తుంది. పడవ గట్టెక్కించినప్పుడు గుల్లలు గీకెయ్యొచ్చు. పంపు లోపల చిరిగిన రెక్క నడి ఏటిలోనే తెలుస్తుంది. మావయ్య గారు కూడా ఇటే మొగ్గుతున్నారు. పెట్టేముందు మాత్రం ఇవి జరగాలి.

మొదటిది, పాత బ్లాకు లోపలి నీళ్ల దారులు మందు పోసి బాగా కడిగించాలి. ఏళ్ల తరబడి ఏటి నీళ్లు తాగిన బ్లాకు అది. లోపలి పెచ్చులు కొత్త వేడి నీళ్లకి ఊడి పైపుల్లో ఇరుక్కుంటాయి. కడిగాక గాలి ఒత్తిడి పెట్టి కారుతుందేమో చూడాలి. గోడ పలచబడ్డ చోటు అప్పుడే దొరుకుతుంది.

రెండోది, పైపులు మధ్య దూలానికి పక్కగా, దాని అంచు కన్నా పైకి ఉండేలా అమర్చాలి. మేట ఎక్కితే దెబ్బ దూలానికి తగలాలి, పైపుకి కాదు. పైపు పొడవు మే నెల ఏటి నీళ్ల వేడికి లెక్క కట్టాలి, జనవరి వేడికి కాదు.

మూడోది, లోపల ఉట్టి నీళ్లు వద్దు. తుప్పు పట్టకుండా చేసే కూలెంటు, ఇంజిన్‌కి చెప్పిన పాళ్లలో కలపాలి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా అని మానెయ్యొద్దు. ఆ మందు లైనరు బయటి గోడకి గుంటలు పడకుండా కూడా కాపాడుతుంది.

నాలుగోది నా వృత్తి మాట. వేడి ముల్లు ఒక్కదాన్నే నమ్మొద్దు. నీళ్లన్నీ కారిపోతే ఆ ముల్లు తాకడానికి నీళ్లే ఉండవు, గాలిలో ఉండి చల్లగానే ఉందని చూపించొచ్చు. ఇంజిన్ కాలిపోతుంటే బోర్డు మీద అంతా బాగుందని కనపడుతుంది. అందుకని పై ట్యాంకులో నీటి మట్టం తగ్గితే మోగే గంట వేరుగా పెట్టాలి. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

చివరిది, మొదటి సరుకు ఎక్కించేముందు ఎండవేళ, పోటుకి ఎదురుగా, నిండు బరువుతో ఒక గంట నడిపి చూడాలి. పది నిమిషాలకొకసారి వేడి ఎంతుందో పుస్తకంలో రాసుకోవాలి. ఖాళీ పడవని పొద్దున్నే చల్లగా తిప్పి "బాగుంది" అనుకుంటే అది పరీక్ష కాదు.

హాల్ ఆలోచనకి జంతువుల కొవ్వు అడ్డుపడింది, డేవీ జింకుకి గుల్లలు అడ్డుపడ్డాయి. ఇద్దరిదీ తప్పు కాదు, పక్కనే ఇంకోటి కాచుకుని ఉంది. మన పడవకి అలా కాచుకున్నదేమిటో ఏటి మీద బతికిన వాళ్లకే ముందు తెలుస్తుంది. మన వాళ్లలో సరంగు పని చేసినవాళ్లు, పంటు నడిపినవాళ్లు, క్యాంపులో ఆయిల్ ఇంజిన్లు విప్పినవాళ్లు ఉన్నారు. వచ్చే నెల పైపులు కొనేముందే మీకు తెలిసింది ఈ పోస్టు కింద రాయండి. రాయడం రాని పెద్దవాళ్ల మాటలు పిల్లలు ఫోన్లో రికార్డు చేసి పంపండి, నేను రాసి పెడతాను. పాత లాంచీల ఫోటోలు ఏ ట్రంకు పెట్టెలో ఉన్నా సరే, అవి కూడా.